19వ శతాబ్దపు నవలలు తెరకెక్కినప్పుడు పోయేది ఏమిటి?

మీరు అడిగినవి మూడు సంగతులు. విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థుల కోసం 19వ శతాబ్దపు నవలల ఆధారంగా తీసిన సినిమాలను వరుసగా ప్రదర్శించాలంటే ఏవి ఎంచుకోవాలి, నవల ముందు చదివించాలా లేక సినిమా ముందు చూపించాలా, అంత పేరున్న నవలలు తెర మీదికి వచ్చేసరికి ఎందుకు తేలిపోతాయి అని అడిగారు. ఈ ఊళ్లో చాలా కాలం ఇంగ్లీషు సాహిత్యం బోధించాను, విద్యార్థులతో కలిసి ఈ సినిమాలు చూశాను. ఆ అనుభవంతో చివరి ప్రశ్ననే ముందు తీసుకుంటాను. దానికి జవాబు దొరికితే మిగతా రెండూ సులువుగానే తేలిపోతాయి.

అందరూ చెప్పే కారణం నిడివి. ఐదారు వందల పేజీల నవలను రెండున్నర గంటల్లో చెప్పాలంటే సగం పాత్రలు పోక తప్పదు. పైగా ఆ కాలపు నవలల్లో చాలా వాటికి పుస్తకరూపం తర్వాత వచ్చింది. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను డికెన్స్ తన సొంత వారపత్రికలో 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు వరకు వారం వారం ప్రచురించాడు. టాల్‌స్టాయ్ ‘అన్నా కరేనినా’ 1875లో మొదలై రెండేళ్లకు పైగా ఒక రష్యన్ పత్రికలో భాగాలుగా వచ్చింది. వారపత్రికలో సీరియల్ కోసం ఎదురుచూసిన తరం మన ఇళ్లలో ఇంకా ఉంది కాబట్టి ఆ పఠనం ఎలా ఉంటుందో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. ప్రతి భాగానికీ దాని ముడి దానికి ఉంటుంది, దాని నవ్వు దానికి ఉంటుంది, ‘సశేషం’ దగ్గర ఆగిన పాఠకుడు వారమంతా ఆ పాత్రల మధ్యే తిరుగుతాడు. ఈ కారణంగా ఆ నవలలకు సినిమా కంటే టీవీ ధారావాహిక బాగా అమరుతుంది. 1995లో బీబీసీ ఆరు భాగాలుగా తీసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో నవలలోని ముఖ్యమైన ఘట్టాలన్నిటికీ చోటు దొరికింది. అయినా నిడివి ఒక్కటే కారణమైతే ధారావాహికలు ప్రతిసారీ నెగ్గాలి, సినిమాలు ప్రతిసారీ ఓడాలి. అలా జరగలేదు. నేను చూసినంతలో ఈ కోవలో అన్నిటికంటే గొప్పదని చెప్పగల సినిమా, 1946లో డేవిడ్ లీన్ తీసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’, పూర్తిగా రెండు గంటలు కూడా లేదు.

నిజంగా పోయేది కథను చెప్పే మనిషి. 19వ శతాబ్దపు నవలలో కథకుడు మన పక్కన కూర్చుని మాట్లాడతాడు. పాత్రలను మెచ్చుకుంటాడు, వెక్కిరిస్తాడు, జరగబోయేది ముందే చెప్పేస్తాడు, అవసరమైతే కథను ఆపి లోకం తీరు గురించి ఉపన్యాసం ఇస్తాడు. సంఘటనలను తెర మీద పెట్టడం సినిమాకు తేలిక. ఆ సంఘటనలను మనకు చూపిస్తున్న మనసును తెర మీద పెట్టడం కష్టం. ఆ మనసుకు బదులుగా దర్శకుడు ఏదో ఒక సాధనం వెతుక్కున్న చోట సినిమా నిలబడింది. వెతుక్కోని చోట అందమైన దుస్తులు, గుర్రపు బండ్లు, పాత భవనాలు మాత్రమే మిగిలాయి.

లీన్ సినిమా మొదటి ఘట్టాన్నే చూడండి. పుస్తకం తెరుచుకుంటుంది, పెద్దవాడైన కథానాయకుడు పిప్ గొంతు నవలలోని మొదటి వాక్యాలను చదువుతుంది, గాలికి పేజీలు రెపరెపలాడతాయి. తర్వాత నది ఒడ్డున చిత్తడి నేల, దాని మీద విశాలమైన ఆకాశం, ఉరికంబాల పక్కనుంచి పరుగెత్తే చిన్న కుర్రవాడు. వాడు శ్మశానంలోకి వచ్చి తల్లిదండ్రుల సమాధి దగ్గర మోకరిల్లుతాడు. చెట్ల కొమ్మలు కిర్రుమంటాయి, ఎదురుగా ఉన్న మోడు మనిషిలా కనిపిస్తుంది, వాడు భయపడి లేచి పరుగు తీస్తాడు. వాడితో పాటే కదులుతున్న కెమెరాలోకి ఒక్కసారిగా సంకెళ్లతో ఉన్న ఖైదీ వచ్చిపడతాడు, కుర్రవాడు అతని చేతికి చిక్కుతాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా, ఏం జరగబోతోందో తెలిసిన వాళ్లు సైతం, ఆ క్షణంలో ఉలిక్కిపడతారు.

ఇప్పుడు నవలలో అదే చోటు చదవండి. తల్లిదండ్రులను ఎన్నడూ చూడని పిల్లవాడు సమాధిరాతి మీది అక్షరాల వంపులను బట్టి వాళ్ల రూపాన్ని ఊహించుకుంటాడు. నాన్న అక్షరాలను చూసి ఆయన దిట్టంగా, నల్లగా, ఉంగరాల జుట్టుతో ఉండేవాడని, అమ్మ పేరు చెక్కిన తీరు చూసి ఆమె ముఖం మీద మచ్చలతో రోగిష్టిగా ఉండేదని తేల్చుకుంటాడు. చనిపోయిన ఐదుగురు తమ్ముళ్ల గుర్తుగా పేర్చిన ఐదు చిన్న రాళ్లను చూసి వాళ్లంతా వెల్లకిలా, జేబుల్లో చేతులు పెట్టుకునే పుట్టి ఉంటారని నమ్ముతాడు. ఇక్కడ భయం కంటే ముందు వచ్చేది నవ్వు, ఆ నవ్వు వెనకే గొంతులో ముద్ద అడ్డుపడినంత దుఃఖం. ఒకప్పటి తన అమాయకత్వాన్ని పెద్దవాడైన పిప్ జాలితో, మురిపెంతో చూసుకుంటున్నాడు. సినిమాలో ఈ రెండో చూపు లేదు. లీన్ దాన్ని వదులుకుని పిల్లవాడి భయాన్ని పూర్తిగా పట్టుకున్నాడు. ఎత్తయిన ఆకాశం, పిల్లవాడి కంటి ఎత్తునుంచి కనిపించే చెట్లు, ఒక్కసారిగా మీదపడే ఖైదీ, ఇవన్నీ ఆ వయసు మనసుకు ప్రతిరూపాలు. పోగొట్టుకున్న దానికి సరితూగేది మరొకటి సంపాదించుకున్నాడు కనుక దీన్ని మంచి అనుసరణ అంటాను. ఛాయాగ్రహణానికి, కళాదర్శకత్వానికి ఈ చిత్రానికి ఆస్కార్లు రావడంలో ఆశ్చర్యం లేదు.

ముగింపు విషయంలోనూ లీన్ ధైర్యం చేశాడు. డికెన్స్ మొదట పిప్, అతను ప్రేమించిన ఎస్టెల్లా విడిపోయే ముగింపు రాసి, తోటి నవలాకారుడు బుల్వర్ లిట్టన్ సలహాతో దాన్ని మార్చాడు. లీన్ రెండింటినీ పక్కనపెట్టాడు. పెళ్లిరోజున మోసపోయి అప్పటినుంచి చీకటింట్లోనే బతికిన, ఎస్టెల్లాను పెంచిన మిస్ హావిషమ్ కుర్చీలోనే, ఆమెలాగే చీకట్లో కూర్చున్న ఎస్టెల్లాను చూసిన పిప్, ఏళ్ల తరబడి మూసి ఉన్న కిటికీల పరదాలను లాగి పారేస్తాడు, గదిలోకి వెలుతురు వస్తుంది. ఇది నవలలో లేదు కాబట్టి తప్పు అనేవారితో నేను ఏకీభవించను. ఆ ఇంటి చీకటి నవల పొడవునా ఉన్నదే. దానికి సినిమా భాషలో ముగింపు ఇచ్చాడు. పిప్ బావ కొలిమిలో పనిచేసే ఓర్లిక్ అనే పాత్రను పూర్తిగా తీసేయడం మాత్రం నాకు నేటికీ లోటుగానే అనిపిస్తుంది. పిప్ మనసులోని చీకటి కోణానికి ప్రతినిధి వాడే.

జేన్ ఆస్టిన్ దగ్గర చిక్కు మరో రకం. 1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో సంపన్నుడైన డార్సీ కథానాయిక ఎలిజబెత్ దగ్గర మొదటిసారి పెళ్లి ప్రస్తావన తెచ్చే ఘట్టం అందరికీ తెలుసు. ఆ పేజీ మళ్లీ తెరిచి చూస్తే, డార్సీ మాటలుగా ఆస్టిన్ ఇచ్చింది నాలుగే నాలుగు చిన్న వాక్యాలని కనిపిస్తుంది. మిగతాదంతా, అంటే తన హోదా, ఆమె కుటుంబపు తక్కువతనం గురించి అతను ఎంత సేపు, ఎంత అవమానకరంగా మాట్లాడాడో, కథకురాలు తన మాటల్లో కుదించి చెబుతుంది. ఆ కుదింపులోనే వ్యంగ్యమంతా ఉంది. నటుడికి మాటలు కావాలి కాబట్టి ప్రతి రచయితా అక్కడ కొత్తగా సంభాషణ రాసుకోవలసిందే. 1995 ధారావాహిక గదిలోనే ఉంచి సంభాషణను పెంచింది, 2005లో జో రైట్ సినిమా ఇద్దరినీ ఆరుబయట వర్షంలో నిలబెట్టింది. వర్షం కోపానికి బలం ఇచ్చింది కానీ కథకురాలి చల్లని చూపును తుడిచేసింది. ఆస్తిపరుడైన బ్రహ్మచారికి భార్య కావలసిందేనన్నది లోకమంతా ఒప్పుకునే సత్యమనే, నవలలోని సుప్రసిద్ధమైన మొదటి వాక్యాన్ని 1995లో ఎలిజబెత్ నోట పలికించారు. అప్పుడు అది ఒక తెలివైన అమ్మాయి చమత్కారం మాత్రమే అవుతుంది. పుస్తకంలో అది ఒక ఊరి ఊరునే పరికిస్తున్న మనిషి మాట.

విక్టర్ హ్యూగో దగ్గరికి వస్తే నష్టం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1862 నాటి ‘లే మిజరబ్ల్’లో జైలు నుంచి విడుదలైన జా వల్జా కథలోకి అడుగుపెట్టేలోపు పద్నాలుగు అధ్యాయాలు గడిచిపోతాయి. అవన్నీ ఒక వృద్ధ బిషప్పు గురించే. ఆయన తన పెద్ద భవంతిని పక్కనున్న ఆసుపత్రికి ఇచ్చేసి, ఆ ఆసుపత్రి ఉన్న చిన్న ఇంట్లోకి తాను మారాడు, జీతంలో చాలా భాగం పంచిపెట్టాడు. వదులుకోలేకపోయినవి వెండి చెంచాలు, ఫోర్కుల వంటి భోజన సామగ్రి, ఒక బంధువు నుంచి వచ్చిన రెండు వెండి కొవ్వొత్తి స్తంభాలు మాత్రమే. వెండి పాత్రల్లో తినడం మానుకోవడం తనకు కష్టమని ఆయనే ఒప్పుకుంటాడు. ఇంత చదివాక, దొంగతనం చేసి దొరికిన వల్జాకు ఆయన ఆ వెండితో పాటు కొవ్వొత్తి స్తంభాలు కూడా ఇచ్చి పంపే ఘట్టం వస్తుంది. అది ఒక మంచివాడు చేసిన దానంగా మాత్రమే కనిపించదు, తనకు మిగిలి ఉన్న ఒకే ఒక మమకారాన్ని ఆయన తెంపుకోవడంగా కనిపిస్తుంది. దాదాపు అన్ని సినిమాల్లోనూ బిషప్పు కొద్ది నిమిషాలు మాత్రమే కనిపిస్తాడు కాబట్టి ఆ దానం బరువు సగానికి సగం తగ్గిపోతుంది.

మన వాళ్లు ఈ నవలను 1950లోనే తీశారు. కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో తమిళంలో ‘ఏళై పడుం పాడు’గా, తెలుగులో ‘బీదల పాట్లు’గా నిర్మించిన ఆ చిత్రంలో ప్రధాన పాత్ర చిత్తూరు నాగయ్యది. అతన్ని వెంటాడే పోలీసు అధికారిగా నటించిన సీతారామన్‌కు ఆ పాత్ర పేరే ఇంటిపేరై, జీవితాంతం జావర్ సీతారామన్‌గానే నిలిచిపోయారు. నాగయ్య అప్పటికే ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’ చేసి ఉన్నారు. ప్రేక్షకుడు ఆ భక్తుల ముఖాన్ని మనసులో పెట్టుకునే హాల్లోకి వచ్చాడు కనుక, మారిన మనిషి మంచితనాన్ని నమ్మించడానికి సినిమా ప్రత్యేకంగా శ్రమపడనక్కరలేదు. హ్యూగో అధ్యాయాలకు అధ్యాయాలు రాసి సిద్ధం చేసిన నేలను, నటుడి పాత పాత్రలు ముందే దున్ని పెట్టాయి. అయితే దీనికి మరో వైపు కూడా ఉంది. జైలు నుంచి వచ్చిన తొలి రోజుల్లో వల్జాలో లోకం మీద ఉన్న ద్వేషం ఎంత భయంకరమైనదో అలాంటి ముఖంలో నమ్మడం కష్టం.

కథకుడి సమస్యకు నాకు తెలిసినంతలో అత్యంత తెలివైన పరిష్కారం స్టాన్లీ క్యూబ్రిక్‌ది. 1844లో థాకరే ఒక పత్రికలో ప్రచురించిన ‘బారీ లిండన్’ నవలలో, ప్రగల్భాలు పలికే ఒక మోసగాడు తన కథను తానే చెప్పుకుంటాడు. వాడి మాటకూ జరిగినదానికీ ఉన్న తేడాను పాఠకుడు కనిపెట్టాలి. 1975 చిత్రంలో క్యూబ్రిక్ ఆ గొంతును పూర్తిగా తీసేసి, కథకు బయట నిలబడ్డ ఒక పెద్దమనిషి నిదానమైన గొంతును పెట్టాడు. ఆ గొంతు జరగబోయే దుఃఖాలను ముందే చెప్పేస్తుంది. బారీ కొడుకు చనిపోతాడని మనకు ముందే తెలుసు కాబట్టి, ఆ తర్వాత వాడు నవ్వుతూ ఆడుకునే ప్రతి దృశ్యాన్నీ భారంగా చూస్తాం. పాత్రల మీద నుంచి కెమెరా నెమ్మదిగా వెనక్కి జరిగి, వాళ్లను విశాలమైన పచ్చిక బయళ్లలో చిన్న చుక్కలుగా మిగిల్చే తీరు కూడా అదే కథకుడి చూపు. కొవ్వొత్తుల వెలుగులో దృశ్యాలు తీయడానికి నాసా కోసం తయారైన జైస్ కంపెనీ కటకాలను (లెన్సులను) వాడాడన్న సంగతిని అందరూ చెబుతారు. అది గొప్ప విషయమే కానీ, నా దృష్టిలో ఆ గొంతును మార్చడమే అంతకంటే పెద్ద సాహసం.

మిగతావాటిని త్వరగా చెబుతాను. 1939లో విలియం వైలర్ తీసిన ‘వుదరింగ్ హైట్స్’ ఎమిలీ బ్రాంటీ నవలలో సుమారు సగాన్ని, అంటే రెండో తరం కథనంతా వదిలేసింది. పగ పిల్లల మీదికి ఎలా పాకుతుందన్నదే ఆ నవల ప్రాణం కనుక అది కేవలం ప్రేమకథగా మిగిలింది. సెర్గేయ్ బొందార్చుక్ నాలుగు భాగాల ‘యుద్ధము-శాంతి’ని తప్పకుండా చూడమంటాను. అయితే ఏడు గంటల సినిమా కాబట్టి మీ ప్రదర్శనల వరుసలో ఇమడదు.

మన దేశానికి తెచ్చుకున్న అనుసరణల్లో 2000 నాటి రాజీవ్ మీనన్ చిత్రం, తెలుగులో ‘ప్రియురాలు పిలిచింది’గా అనువాదమైనది, నాకు ప్రత్యేకమైనది. ఆస్టిన్ ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లో తండ్రి పోగానే తల్లీ కూతుళ్లు సొంత ఇంట్లోనే పరాయివాళ్లవుతారు. ఆస్తి వీలునామా వల్ల ఆడపిల్లలు ఇల్లు వదిలి వెళ్లడం, పెద్దదైన అక్క నోరు మెదపకుండా భారం మోయడం మన ప్రేక్షకుడికి విడమరచి చెప్పనక్కరలేని సంగతులు. నవలలో అక్క ప్రేమించిన ఎడ్వర్డ్‌ను కట్టిపడేసిన రహస్య నిశ్చితార్థాన్ని తీసేసి అతన్ని సినిమా దర్శకుడు కావాలనే యువకుడిగా మార్చడం మాత్రం ఆ పాత్రను తేలిక చేసింది. మాట ఇచ్చి చిక్కుకున్నవాడి మౌనానికి ఉన్న గౌరవం, పనిలో మునిగి మరచినవాడి మౌనానికి ఉండదు.

1981లో ముజఫర్ అలీ తీసిన ‘ఉమ్రావ్ జాన్’ దగ్గర మాత్రం మన సినిమా బలం ఎక్కడుందో నాకు స్పష్టమైంది. 1899 నాటి మీర్జా హాదీ రుస్వా నవలలో వయసు మళ్లిన ఉమ్రావ్ తన కథను రచయితకే చెబుతుంది, ఆయన మధ్య మధ్య ప్రశ్నిస్తూ, ఆటపట్టిస్తూ ఉంటాడు. సినిమాలో ఆ ఏర్పాటు లేదు. దాని స్థానంలో షహర్యార్ గజళ్లు, ఖయ్యాం సంగీతం, ఆశా భోంస్లే గొంతు ఉన్నాయి. తెర మీద జరుగుతున్నదాన్ని ఉమ్రావ్ ఎలా చూస్తోందో ఆ పాటలే చెబుతాయి. పాట కథను ఆపేస్తుందని విమర్శించేవాళ్లు ఈ సినిమాను మళ్లీ చూడాలి. నవలా కథకుడు చేసే పనిని చేయగల సాధనం పాటే, అది మన చేతిలోనే ఉంది.

ఇదే కారణంతో, నవల కాకపోయినా, ‘కన్యాశుల్కం’ను మీ వరుసలో చేర్చమని గట్టిగా సూచిస్తాను. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయిన ఈ నాటకాన్ని గురజాడ బాగా పెంచి, మార్చి 1909లో మళ్లీ ప్రచురించారు. మనం చదివేది ఆ రెండో రూపాన్నే. నాటకంలో కథకుడు ఉండడు, అన్నీ మాటలే. పి. పుల్లయ్య దర్శకత్వంలో 1955లో వచ్చిన సినిమా ఆ మాటల్లో చాలా భాగాన్ని తగ్గించక తప్పలేదు. అలా తగ్గించినప్పుడు నవ్వు మిగిలి, నవ్వు అడుగున ఉన్న ఏడుపు జారిపోయే ప్రమాదం ఉంది. సినిమా ఆ లోటును గురజాడ చేతనే పూడ్పించింది. ముసలివాడికిచ్చి పెళ్లి చేసిన బాలిక కథైన ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ గేయాన్ని ఘంటసాల గొంతుతో కథలోకి తెచ్చింది. మధురవాణిగా నటించిన సావిత్రికి శ్రీశ్రీ గీతం ‘ఆనందం అర్ణవమైతే’ను ఇచ్చింది. గిరీశంగా ఎన్.టి. రామారావు ఎంత సమర్థంగా చేసినా, కథానాయకుడి ముఖం చూడగానే ప్రేక్షకుడు అతని పక్షం వహిస్తాడు. నాటకం చదివేటప్పుడు గిరీశం మీద కలిగే అనుమానం తెర మీద పలచనైపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఇక చదవడమా, చూడటమా అన్న ప్రశ్న. మొత్తం నవల చదివి వస్తేనే సినిమా అంటే మీ విద్యార్థుల్లో చాలామంది రారు. అలాగని ఏమీ చదవకుండా చూస్తే, ఏం పోయిందో వాళ్లకు ఎప్పటికీ తెలియదు. ప్రతి ప్రదర్శనకు ముందు మొదటి అధ్యాయాన్ని మాత్రం ఎవరైనా బిగ్గరగా చదివి వినిపించండి. అవే నిమిషాలు తెర మీద ఎలా ఉన్నాయో చూపించి, ఒక పది నిమిషాలు ఆపి, చదివినప్పుడు వినిపించిన గొంతు ఎక్కడికి పోయిందని అడగండి. అప్పుడు మిగతా సినిమా వేయండి. ఇంటర్మీడియట్‌లోనో డిగ్రీలోనో నాన్-డిటైల్డ్‌గా వచ్చే సంక్షిప్త ప్రతులను మాత్రం ఇందుకు వాడవద్దు. చెడ్డ సినిమా చేసే పనే అవీ చేస్తాయి, కథనంతా ఉంచి కథకుణ్ణి కోసేస్తాయి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలోనైనా మీ కళాశాలలోనైనా పూర్తి ప్రతి కోసం అడగండి. ఒక్క అధ్యాయమే కాబట్టి జిరాక్స్ తీయించినా సరిపోతుంది.

వరుస విషయానికొస్తే, ఉపశీర్షికల అవసరం లేని ‘ప్రియురాలు పిలిచింది’తో మొదలుపెట్టండి. తర్వాత లీన్ చిత్రం, ఆ పైన ‘ఉమ్రావ్ జాన్’ వేయండి. మూడు గంటలకు మించిన ‘బారీ లిండన్’ను, అప్పటికీ వస్తున్న విద్యార్థుల కోసం, సెలవు రోజున పెట్టుకోండి. ‘కన్యాశుల్కం’ను అన్నిటికంటే చివర ఉంచి, దానికి ముందు మాత్రం మొదటి అంకానికి బదులు చివరి అంకాన్ని చదివించండి. ఆ అంకం జరిగేది విశాఖపట్నంలోనే. మగవేషంలో వచ్చిన మధురవాణి, సౌజన్యారావు పంతులు మాట్లాడుకునే రంగాన్ని ఇద్దరు విద్యార్థులకు పంచి, ఇంట్లో మాట్లాడుకునే యాసలోనే పలకమనండి. ఆ తర్వాత సినిమాలో అదే ఘట్టం వచ్చినప్పుడు ఏ మాటలు ఉంచారో, ఏవి తీసేశారో వాళ్లనే రాసుకోమనండి.